పరిషె మరునాటి పొట్టు

కార్తీకం కడపటి సోమవారం దాటి
ఇంకో రోజు కూడా గడిచాక, తెల్లారుజామున
బసవనగుడి రోడ్డు మీద నడిస్తే
కాళ్ళ కింద బెంగళూరు పటపటలాడుతుంది.
రెండు రోజులు ఒలిచి ఒలిచి తిని
గింజను కడుపుకూ పొట్టును రోడ్డుకూ పంచేసి
జనం ఇళ్ళకు పోయి నిద్రపోతున్నారు.

మూడు గోతాలతో నేను.
పొడుగు చీపురుతో ఓబుళమ్మ.
"ఏం కావల్ల?" అంది, తెలుగులోనే.
ఈ ఊళ్ళో చాలా వీధుల్ని తెలుగే ఊడుస్తుందని
వచ్చిన ఏడేళ్ళకు గానీ నాకు తెలీలేదు.
"పొట్టు."
"బుడ్డలు కాదా? పొట్టా?"
"పొట్టే అక్కా. మాత్రల్లోకి."
నా మెడలోని కార్డు వంక చూసింది,
చదువుకున్నోళ్ళకే వచ్చే జబ్బేదో అయ్యుంటుందని.
"ఎత్తుకోపో. నాకో బండి బరువు తగ్గుతుంది."

ముందు ఏరాలి.
ఐస్‌క్రీం పుల్లలు, సగం కాలిన అగరుబత్తి,
ఎవరో పాపాయి కాలి మువ్వ.
మువ్వ నా డ్రాయరులో ఉంది. అడగడానికి ఎవరూ రారు.

కడిగి, ఎండబెట్టి, మర పట్టి
క్షారంలో ఉడికిస్తే
పొట్టు తన మొండితనమంతా నల్లగా కక్కింది.
చేలో పురుగును, తడిని
గింజ దాకా రానీయని ఆ కాపలాదారు పేరు లిగ్నిన్.
దాన్ని వ్యర్థాల డబ్బాలోకి వంచుతుంటే తట్టింది:
పొట్టుకీ పొట్టుంటుంది.

తర్వాత తెలుపు చేయడం.
ఆ ఘాటుకు ముక్కు మండి
నాగశ్రీ కిటికీలన్నీ తీసి
నన్ను కన్నడంలో తిట్టింది.

తర్వాత ఆమ్లం. నూటైదు డిగ్రీలు, పదిహేను నిమిషాలు.
తక్కువైతే నార నారగానే మిగులుతుంది
ఎక్కువైతే చక్కెరై నీళ్ళలో కలిసిపోతుంది.
ఆమ్లం ఎంచి కొరుకుతుంది:
చెల్లాచెదురుగా వదులుగా ఉన్నవాటిని తింటుంది,
భుజం భుజం ఆనించి వరసలో నిలబడ్డ అణువుల జోలికి
తొందరగా పోదు.
ఇది విని మా గోవిందప్ప, జీతం మూడు నెలలుగా రానివాడు,
గాజు గొట్టం కడగడం ఆపి
"అవునా సార్" అని చాలాసేపు కొళాయి వైపే చూశాడు.

ఆ పైన కడగడం. కడగడం.
నీలి కాగితం ఎర్రబడటం మానేదాకా కడగడం.
ఆ వారం ట్యాంకరు రెండుసార్లు రాలేదు.
పిడికెడు తెలుపుకు ఎన్ని బకెట్లో
నోటుబుక్కులో రాయలేదు, దానికి గడి లేదు.
దిగుబడికి ఉంది:
నూరు గ్రాములకు పద్దెనిమిది.
మిగతా రెండున్నర గోతాలు మెట్ల కింద
వంతు కోసం కూర్చున్నాయి.

మాత్రలో మందు ఆవగింజంతే, చాలాసార్లు.
తక్కిన ఒళ్ళంతా ఇలాంటి పొడే.
సీసాలో ఉన్నంతసేపు పట్టుకోవడం,
గొంతు దిగాక వదిలేయడం.
ఆ రెండూ సమంగా చేతనైన మనిషిని
నేనింతవరకు చూడలేదు.

మందు కలపకుండా, ఉత్త పొడితోనే
ఒక మాత్ర ఒత్తి
తొమ్మిదో రోజు జేబులో వేసుకుని వెళ్ళాను.
వీధి నున్నగా ఉంది, పొట్టు గుర్తే లేదు.
"చూడటానికే అక్కా, తినకూడదు" అనబోయాను.
"చూడు" దగ్గరే ఓబుళమ్మ దాన్ని
పైటకొంగుతో తుడిచి నాలుక మీద పెట్టుకుంది.

కళ్ళు చిన్నవి చేసి వెతికింది,
వేయించిన వాసన కోసమో, మడకసిర మట్టి కోసమో.
బస్సొకటి పోయింది. ఇంకొకటి.

"ఏమీ లేదు కదప్పా ఇందులో."

"ఏమీ లేకుండా చెయ్యడానికే అక్కా
నాలుగు రోజులు పట్టింది."

ఉమ్మలేదు. మింగి, చీపురు అందుకుంది.
"వచ్చే ఏడు గింజలు కూడా తీసకపో,
ఒట్టి పొట్టు తిని బతికేవాని మాదిరే ఉండావు."